ఫ్యాక్స్ గడి

నాకు ముక్కు మీద కోపం అంటారు. అబద్ధం. కోపం నాకు ఒళ్లంతా ఉంది, ముక్కు ముందుకు ఉంటుంది కాబట్టి చెడ్డపేరు దానికొచ్చింది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో సగం తప్పు నా కోపానిది. మిగతా సగం మా అక్క కోపానిది. ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం, కోపం దగ్గర మాత్రం వాటాలు పడలేదు.

మా అక్క మొగుడిది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. నాలుగు వందల పన్నెండు భవనాల లిఫ్టులు ఆయన మనుషుల చేతిలో ఉన్నాయి. ఎక్కడ ఏది ఆగినా ఫోన్ మోగేది అక్క బల్ల మీద. అక్క విషయం కనుక్కుని, కంప్యూటర్లో ఎక్కించి, మెకానిక్కు ఓ చీటీ రాసిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. ఆ కంప్యూటర్లో ప్రోగ్రామ్ రాసింది నేను. రాసిన రోజున దాన్ని చూసుకుని నేనే మురిసిపోయాను. ఇప్పుడు చూస్తే అన్నీ బూడిదరంగు కిటికీలు, వాటినిండా తెల్లటి గడులు. పేరుకో గడి, చిరునామాకో గడి, ఫోనుకో గడి, ఫ్యాక్స్ నంబరుకో గడి. ఏ గడి ఎంత పొడుగుండాలో ఆలోచించే ఓపిక లేక అన్నిటికీ రెండువందల అక్షరాలు పట్టేంత చోటిచ్చేశాను. ఆ బద్ధకం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ప్రోగ్రామ్ ఆ ఒక్క కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా నడవదు. ఆ కంప్యూటరేమో ఆన్ చేస్తే మిక్సీలో రాళ్లేసినట్టు మోగుతుంది. అది చచ్చిందంటే కంపెనీ కొంప మునిగినట్టే. అందుకని బావ ఒకరోజు నన్ను పిలిచి, "ఏమ్మా, మనం కూడా వెబ్‌లోకి వెళ్లిపోదాం" అన్నాడు, పక్క వీధిలోకి ఇల్లు మారదామన్నంత తేలిగ్గా.

కొత్తగా రాయాలంటే నాకు రెండేళ్లు పడుతుంది. వెతగ్గా వెతగ్గా ఒక ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ దొరికింది. అంటే, ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, కోడ్ దాచుకోకుండా లోకం ముందు పెట్టేసిన సరంజామా. ఎవరైనా తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. మన పాత ప్రోగ్రామ్‌ని దానికి అప్పగిస్తే పాత కిటికీ ఒక్కొక్కటీ బ్రౌజర్లో ఒక పేజీ అవుతుంది. కిటికీలో ఎన్ని గడులుంటే పేజీలో అన్ని గడులు. ఒక్కటి కూడా పోదు. ఈ చివరి మాట చదివి నేను ఎంతగానో సంతోషించాను. నా తెలివి అలాంటిది.

బావ ఉత్సాహం అంతటితో ఆగలేదు. "లిఫ్ట్ ఆగితే వాళ్లే పేజీ తెరిచి రాసుకుంటారు. అది నేరుగా మెకానిక్ ఫోనుకి పోతుంది. ఇక మధ్యలో ఫోనెత్తే మనిషెందుకు? మీ అక్క హాయిగా ఇంట్లో కూర్చుంటుంది. ఆ మూల ఓ పూలకుండీ పెడదాం" అన్నాడు.

ఆ సాయంత్రమే అక్క మా ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. "నా కుర్చీ కింద నిప్పు పెట్టడానికి మీ బావకి ఇంకెవరూ దొరకలేదా? నువ్వే దొరికావా?" అంది.

"వయసొచ్చింది, కాస్త సుఖపడమంటే అదీ తప్పేనా?" అన్నాను.

"నన్ను ఇంట్లో కూర్చోబెడితే నేను గోడలతో మాట్లాడాలే. నాకున్న లోకం అదొక్కటే. నీకు తెలీదా?"

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "ఫోనెత్తి హలో అనడం కూడా ఒక పనేనా అక్కా?" అనేశాను.

అక్క వెనక్కి తిరిగి, మూడంతస్తులూ మెట్లు దిగి వెళ్లిపోయింది. లిఫ్టుల కంపెనీ యజమాని భార్య, పనిచేస్తున్న లిఫ్టు పక్కనే ఉండగా మెట్లు దిగిందంటే ఎంత కోపమో చూడండి. ఆ రోజునుంచి మూడు నెలలు మా మధ్య మాటల్లేవు.

నేను ఇంటినుంచే పనిచేస్తాను. మా ఆయన పోయి ఆరేళ్లయింది, ఒక్కదాన్నే ఉంటాను. ఒంటరిగా ఉంటావు, ఎలా ఉన్నావు అని ఎవరైనా అడిగితే ఒళ్లు మండుతుంది. అడక్కపోతే ఇంకా మండుతుంది. మా భవనంలో లిఫ్ట్ కూడా బావ కంపెనీ చేతిలోదే. అది చెడిపోయిన రోజు నాకు గుర్తులేదు. అయినా నెలకోసారి ఎవడో ఒక మెకానిక్ సంచి పట్టుకుని దిగబడతాడు. లిఫ్ట్ తలుపు ఒకసారి తీసి మూసి, తర్వాత నా తలుపు కొడతాడు. "అంతా బాగుందా మేడమ్?" అంటాడు. "లిఫ్టా, నేనా?" అంటే, "రెండూ" అంటాడు. పోయేముందు "భోజనం అయిందా?" అని కూడా అడుగుతాడు. లిఫ్టుకీ నా భోజనానికీ ఏం సంబంధమో నాకు అర్థమయ్యేది కాదు. ఆ మూడు నెలల్లో అయితే నెలకు రెండుసార్లు వచ్చారు. బావ కంపెనీలో పనిలేని వాళ్లు ఎక్కువయ్యారని, ఆ సంగతి ఆయనకి చెప్పాలని అనుకున్నాను.

ఫ్రేమ్‌వర్క్‌తో పాటు ఓ పుస్తకం వస్తుంది, ఎలా వాడాలో చెప్పేది. దాని మొదటి పేజీలో ఉంది: పాత ప్రోగ్రామ్ వాడేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి, ఒక్కో గడీ దేనికి వాడుతున్నారో అడగండి. నేను సరాసరి నాలుగో పేజీకి వెళ్లాను. రాసిందాన్ని నేను. నన్నే నేను అడగాలా? పైగా అడగాల్సిన మనిషితో మాటల్లేవు. మధ్యలో ఒకచోట పని చిక్కుపడితే ఆ ఫ్రేమ్‌వర్క్ వాళ్ల చర్చావేదికలో ప్రశ్న పెట్టాను. గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకాయన వెంటనే జవాబిచ్చాడు. చివర్లో "వాడేవాళ్లని అడిగారా?" అన్నాడు. "అక్కర్లేదు, రాసింది నేనే" అన్నాను. దానికాయన ఓ నవ్వు బొమ్మ మాత్రం పంపాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని తిట్టుకున్నాను.

పరీక్ష కూడా చేశాను. "అఅఅ" అనే పేరుతో ఓ దొంగ ఖాతాదారుణ్ణి సృష్టించి, అతనికి "ఆఆఆ" అనే చిరునామా ఇచ్చి, అన్ని పేజీలూ తిప్పి చూశాను. అఅఅ గారికి ఏ ఇబ్బందీ రాలేదు. మెకానిక్కుల ఫోన్లో కనిపించే పేజీ చిన్నది కాబట్టి అందులో పేరు, చిరునామా, లిఫ్ట్ నంబరు ఉంచి మిగతావి తీసేశాను. ఫ్యాక్స్ నంబరు మెకానిక్కుకి ఎందుకు? అసలు ఈ రోజుల్లో ఫ్యాక్స్ ఎవరికుంది? ఖాతాదారుల పేజీలో మాత్రం దాని జోలికి పోలేదు. ఖాళీ గడే కదా, ఉంటే ఉంది అనుకున్నాను.

సోమవారం పొద్దున పది గంటలకు ముహూర్తం. నేను ఆఫీసుకెళ్లేసరికి పూలకుండీ అప్పటికే వచ్చేసింది. అక్క కుర్చీ పక్కన, మోకాలెత్తున, చుట్టూ కాగితం కూడా విప్పకుండా నిలబడి ఉంది. అక్క దాని వైపు చూడటం లేదు. నా వైపు అసలే చూడటం లేదు. బావ స్వయంగా మీట నొక్కాడు. నాలుగు వందల పన్నెండు మందికీ ఒకేసారి సందేశం వెళ్లింది: "మా కొత్త పేజీలో మీ వివరాలు ఒకసారి సరిచూసుకోండి. తప్పులుంటే దిద్దండి."

పది గంటల ఏడు నిమిషాలకు అక్క ఫోన్ మోగింది. అవతల రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన గొంతు ఫోన్లోంచి మా ముగ్గురికీ వినిపించింది.

"ఏమ్మా, నా వివరాల్లో ఫ్యాక్స్ అన్నచోట ఇలా రాసి ఉంది. చదవనా? 'మాస్టారు తప్పు ఒప్పుకోరు. లిఫ్ట్ చెడిపోలేదని ముందు మనం ఒప్పుకుని, తర్వాత బాగుచేయాలి.' ఎవరిదమ్మా ఈ రాత?"

అక్క మొహంలో రక్తం లేదు. నాకూ లేదు. బావ మొహానికి మాత్రం మా ఇద్దరిదీ కలిపి వచ్చింది.

ఇక ఆ ఫోన్ పెడితే ఒట్టు. పళ్ల డాక్టరమ్మ చేసింది. ఆవిడ ఫ్యాక్స్ నంబరు: "మాటలు మొదలెడితే ఆపదు. భోజనం వేళకి కాస్త ముందు వెళ్లాలి, ఆకలేసి తనే ఆపుతుంది." బట్టల కొట్టాయన చేశాడు. ఆయన ఫ్యాక్స్ నంబరు: "నోరు చెడ్డది, మనసు మంచిది. తిట్లు అయ్యేదాకా ఓపిక పట్టండి, టీ ఇస్తాడు." ఇంకెవరికో "కుక్కకి చూపే గాని కరవడం తెలీదు, కొడుకుతో మాత్రం జాగ్రత్త" అని ఉందట. ఆ కొడుకే చేశాడు.

జరిగింది ఏమిటంటే, ఫ్యాక్స్ మిషన్లు పోయాక ఆ గడి ఖాళీగా పడి ఉండటం అక్క చూసింది. రెండువందల అక్షరాలు పట్టే చోటు, నేను ఇచ్చిందే. ఏ ఇంటికి వెళ్లినప్పుడు మెకానిక్ ఎలా మసులుకోవాలో అందులో రాసుకుంటూ వచ్చింది. పొద్దున్నే చీటీ మీద ఎక్కించి వాళ్లకిచ్చేది ఆ ముక్కే. పదిహేడేళ్లుగా రాస్తోంది. ఇల్లు మారేటప్పుడు తాళం వేసిన పెట్టెను తెరిచి చూడకుండా మోసుకెళ్లి, కొత్తింటి వాకిట్లో మూత తీసి పెట్టినట్టయింది నా పని.

ఆ ఫోన్ల మధ్య గంటన్నర గడిచాక గాని నాకు పేజీ ఆపాలని తట్టలేదు. పరిగెత్తి ఆపేశాను. అప్పటికి నూట అరవై మంది చూసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే పెద్ద మెకానిక్ వచ్చాడు. మనిషి పొడుగు కాబట్టి అందరూ పొడుగాయన అంటారు. సంచి కింద పడేసి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు.

"అమ్మగారూ, నా చీటీ ఇవ్వండి. ఈ ఫోన్లో అడ్రసు తప్ప ఏమీ లేదు. కొత్త మనిషిని చేసి పంపారు నన్ను. బట్టల కొట్లో తిడుతుంటే ఆగాలో పోవాలో తెలీక వచ్చేశా. మాస్టారింట్లో లిఫ్ట్ చెడిపోయిందండీ అన్నా, తలుపేసేశారు. నాలుగో అంతస్తు పెద్దావిడ దగ్గర లిఫ్ట్ బాగానే ఉంది కదా అని రెండు నిమిషాల్లో దిగిపోయా. ఆవిడ వెంటనే మళ్లీ కంప్లైంటు పెట్టింది. ఇప్పటికి మూడు."

చూడకూడని వాళ్లకి చూపించి, చూడాల్సిన వాళ్లకి దాచిన ఘనత నాది. కావాలని చేద్దామన్నా ఇంత పకడ్బందీగా కుదరదు.

బావ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఆ ఫ్యాక్స్ గడి మొత్తం తుడిచెయ్. సాయంత్రానికి ఒక్క అక్షరం మిగలకూడదు. ఈ నెలాఖరుకి ఆ ఫోనూ తీసేయాలి" అని తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

అక్క ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. మూడు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"తుడిచెయ్యి. ఫోనెత్తి హలో అనేదాని రాతలు ఎవడిక్కావాలి."

అని, మోగుతున్న ఇంకో ఫోనెత్తింది. "హలో. అవునండీ, నేనే రాశాను. కోపం వస్తే నన్ను తిట్టండి, కుర్రాళ్లని అనకండి."

నేను పక్క గదిలో కూర్చున్నాను. ఆ గడి మొత్తాన్ని తుడవడానికి కోడ్‌లో ఒకే ఒక్క వాక్యం చాలు. రాసి పెట్టుకున్నాను కూడా. నొక్కే ముందు, పోయేదేమిటో చూద్దామని వరసగా తెరిచాను.

పేజీ ఆపేలోగా ముప్పై ఒక్క మంది "తప్పులుంటే దిద్దండి" అన్న మాట నమ్మి దిద్దేశారు. మాస్టారు అక్క రాసినదాని కింద చేర్చాడు: "రుజువు చూపిస్తే ఒప్పుకుంటాను. ఇంతవరకు ఎవరూ చూపించలేదు." బట్టల కొట్టాయన: "టీ మానేశాను, షుగర్ వచ్చింది. ఇకమీదట బిస్కెట్లు." కుక్క ఇంటివాళ్లు: "కుక్క పోయింది. కొడుకు మారలేదు." నాలుగో అంతస్తు పెద్దావిడ గడిలో అక్క రాత ఇది: "లిఫ్ట్ బాగానే ఉంటుంది. పలకరింపు కావాలి. పది నిమిషాలు కూర్చుని రండి." దాని కింద ఆవిడ రెండే మాటలు రాసింది: "పది చాలవు."

నాకు నవ్వొచ్చింది. మొదటి వరుసకి వెళ్లాను. అది మా ఆఫీసు భవనమే. యజమాని అని బావ పేరు. పక్కన: "అరుస్తాడు. అది కోపం కాదు, ఆకలి. సెలవు కావాలంటే ముందు ఏదైనా పెట్టండి, తిన్నాక అడగండి."

తర్వాత, వద్దు వద్దనుకుంటూనే, మా భవనం వరుస తీశాను. మూడువందల ఎనభై ఎనిమిదో నంబరు.

"మా చెల్లెలు. ఆ లిఫ్ట్ చెడిపోదు. తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయదు. నెలకోసారి ఎవరో ఒకరు వెళ్లి చూసి రండి. తిన్నదో లేదో అడగండి. నేను పంపానని చెప్పొద్దు."

కింద ఇంకో ముక్క ఉంది. ఎప్పుడు చేర్చారో ప్రోగ్రామ్ తేదీ చూపిస్తుంది, ఆ ఏర్పాటు కూడా ఒకప్పుడు నేను చేసిందే. మా ఇద్దరికీ గొడవైన మర్నాటి తేదీ.

"మాకిద్దరికీ మాటల్లేవు. ఇకనుంచి నెలకు రెండుసార్లు."

సిగ్గేసింది. ఆరేళ్లుగా ఒక్కదాన్నే నెట్టుకొస్తున్నానని గొప్పలు పోతున్నాను. నా గుమ్మంలోకి వచ్చిన ప్రతి సంచీ వెనకా ఈ మనిషే ఉంది. ఆ మనిషి కుర్చీనే నేను పీకుతున్నాను. మూడు నెలలు కష్టపడి మరీ.

తుడవమని రాసుకున్న వాక్యాన్ని తుడిచేశాను. లేచి వెళ్లి అరడజను అరటిపళ్లు తెచ్చి, బావ తలుపు కొట్టి, బల్ల మీద పెట్టాను.

"ఇవెందుకు?" అన్నాడు.

"తినండి బావా, తర్వాత మాట్లాడదాం."

మొదటి పండు తింటున్నంతసేపూ అరిచాడు. రెండోదానికి గొంతు తగ్గింది. మూడోది ఒలుస్తుంటే చెప్పాను. పేజీ మళ్లీ తెరుస్తాను. ఖాతాదారుల కంటికి ఆ గడి కనపడదు. మెకానిక్కుల ఫోన్లో అన్నిటికన్నా పైన అదే ఉంటుంది. ఇదంతా అరగంట పని. కానీ ఆ గడిలో రాయడానికి మనిషి కావాలి. ఏ ఇంట్లో కుక్క పోయిందో, ఎవరికి షుగర్ వచ్చిందో ఫ్రేమ్‌వర్క్ కనుక్కోలేదు. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండాలి.

"జనం కోపంగా ఉన్నారమ్మా" అన్నాడు బావ.

"ఎంతమంది వదిలిపోతామన్నారు?"

ఆయన తలుపు తీసి బయటికి చూశాడు. అక్క ఫోన్లో ఎవరినో బుజ్జగిస్తోంది. ఎదురుగా పొడుగాయన, ఇంకో ఇద్దరు మెకానిక్కులూ చీటీల కోసం నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా వదిలిపోతామని అనలేదు. అక్కని పిలవమన్నారు, అంతే. మధ్యలో ఒక ఫోన్ బావే ఎత్తితే, "మీరెవరండీ, అమ్మగారికివ్వండి" అన్నారట. అది ఆయన నాకు తర్వాత చెప్పాడు.

"సరే, ఉండనీ" అన్నాడు, నాలుగో పండు అందుకుంటూ. "అవునూ, నేను తిన్నాక మాట్లాడాలని నీకెవరు చెప్పారు?"

"ఫ్యాక్స్‌లో వచ్చింది బావా. ఆ పూలకుండీ మాత్రం మీ గదిలో పెట్టుకోండి."

మధ్యాహ్నానికి పేజీ మళ్లీ తెరిచాను. గుడ్లగూబాయనకి కూడా ఒక వాక్యం రాశాను: "మీరన్నది నిజం, అడగాల్సింది." ఆయన మళ్లీ నవ్వు బొమ్మే పంపాడు. ఈసారి కోపం రాలేదు, కొంచెం తప్ప.

ఇక అక్కతో మాట్లాడాలి. పక్క గదిలోనే ఉంది, పది అడుగులు. లేచాను, గుమ్మందాకా వెళ్లాను, వెనక్కొచ్చాను. మొహంలో మొహం పెట్టి తప్పయిందనడం మా వంశంలో లేదు. చివరికి నా ఫోన్ తీసి కంపెనీ నంబరు నొక్కాను. గోడ అవతల మోగింది.

"హలో, లిఫ్ట్ కంపెనీ. ఏ బిల్డింగ్ అండీ?"

"మూడువందల ఎనభై ఎనిమిది" అన్నాను.

పాత కంప్యూటరు చప్పుడొక్కటే వినిపించింది.

"లిఫ్ట్ బాగానే ఉంది" అన్నాను. "నేనే బాగాలేనక్కా. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

అక్క ముక్కు ఎగబీల్చింది. గోడ అవతలినుంచి ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినిపించింది.

"తిన్నావా?" అంది.

"లేదు."

"అయితే ఫోన్ పెట్టేసి ఇటు రా. రెండు కుర్చీలున్నాయి."